కీరవాణి ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు

ప్రశ్న: నమస్కారమండీ. నేను తొమ్మిదేళ్లు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. ఏడాదిగా పియానో, బేస్ వాయించే ఇద్దరు మిత్రులతో కలిసి జాజ్ ప్రయత్నిస్తున్నాను. వయొలిన్‌ని వెస్టర్న్ ట్యూనింగ్‌కి మార్చుకున్నాను. ఇప్పుడు 'ఆటమ్ లీవ్స్' అనే పాట జి మైనర్‌లో మొదలుపెట్టాం. మైనర్ అన్నారు కదా అని నా సోలో అంతా కీరవాణి రాగంలో వాయిస్తే కొన్నిచోట్ల చాలా బాగుంటోంది, కొన్నిచోట్ల పియానోతో గొడవ పడుతున్నట్టు వినిపిస్తోంది. మా పియానో మిత్రుడు ఒక్కో కార్డ్‌కి (కలిపి మోగించే స్వరాల గుంపుకి) ఒక్కో స్కేల్ రాసిచ్చాడు. అది చూస్తూ వాయించబోతే స్కేల్ గుర్తొచ్చేలోపు కార్డ్ మారిపోతోంది, టెన్షన్‌తో చెయ్యి ఆగిపోతోంది. అసలు ఇక్కడ ఏ స్కేల్ వాయించాలి? ఇంకో సందేహం: ఈ పాటను ఇ మైనర్‌లో కూడా వాయిస్తారట. అప్పుడు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా?

జవాబు: మీ చెవి చెబుతున్నది నిజమే. కీరవాణి ఈ పాటలో కొన్నిచోట్లే కుదురుతుంది. ఆ చోట్లు ఏవో వేలు పెట్టి చూపించవచ్చు.

మొదటి ఎనిమిది బార్లు (నాలుగేసి దెబ్బల ముక్కలు) తీసుకుందాం. సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్, ఇ ఫ్లాట్ మేజర్ సెవెన్, ఎ హాఫ్ డిమినిష్డ్, డి సెవెన్, ఆ తర్వాత రెండు బార్లు జి మైనర్. బార్‌కి ఒక కార్డ్. మీ షడ్జం జి కాబట్టి కీరవాణిలోని కాకలి నిషాదం, అంటే పై నిషాదం, ఎఫ్ షార్ప్ అవుతుంది. రెండో బార్‌లో పియానో వాయించే ఎఫ్ సెవెన్‌కి పునాదే మామూలు ఎఫ్. మూడో బార్‌లోని బి ఫ్లాట్ కార్డ్‌కి పంచమం కూడా అదే ఎఫ్. అక్కడ మీరు ఎఫ్ షార్ప్ మీద నిలబడితే అర స్వరం తేడాతో రెండూ ఒరుసుకుంటాయి. మీరు విన్న గొడవ అదే. ఆరో బార్‌కి వచ్చేసరికి డి సెవెన్‌లోనే ఎఫ్ షార్ప్ ఉంది. అక్కడ మీ కీరవాణి ఒక్కసారిగా ఇంటికి వచ్చినట్టు వినిపించి ఉంటుంది.

అంటే చిక్కంతా ఒక్క నిషాదం దగ్గరే ఉంది. మైనర్ కీలో హార్మొనీ అర్థం కావడానికి తలుపు కూడా ఇదేనని నా నమ్మకం. మీరు మేళకర్తలు (మూల రాగాల పట్టిక) చదువుకున్నారు కాబట్టి ఒక్కసారి నాలుగో చక్రాన్ని, వేద చక్రాన్ని, గుర్తు తెచ్చుకోండి. 20 నఠభైరవి, 21 కీరవాణి, 22 ఖరహరప్రియ, 23 గౌరీమనోహరి. ఈ నాలుగింటిలోనూ స రి గ మ ప ఒకటే: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. మారేవి ధైవతం, నిషాదం మాత్రమే. పాశ్చాత్య సంగీతంలో వీటినే వరుసగా నేచురల్ మైనర్, హార్మొనిక్ మైనర్, డోరియన్, మెలోడిక్ మైనర్ అంటారు. అక్కడి మైనర్ కీలో పాట ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి కట్టుబడి ఉండదు. స నుంచి ప దాకా అలాగే ఉంచి, ద, ని లను అవసరాన్ని బట్టి పైకీ కిందికీ జరుపుతుంది. రాగంలో అలా జరిపితే రాగం చెడుతుంది. ఇక్కడ పాట నడిచేదే ఆ జరుగుడు మీద.

మరి ఎప్పుడు ఏది? దీనికి మీ మిత్రుడి స్కేల్ పట్టిక కన్నా పాటే తేలిగ్గా జవాబు చెబుతుంది. ఆ పట్టిక తప్పు కాదు, దాన్ని మీరు చూడాల్సిన తీరు వేరు. ఆయన బహుశా సి డోరియన్, ఎఫ్ మిక్సోలీడియన్, బి ఫ్లాట్ మేజర్, ఇ ఫ్లాట్ లీడియన్ అని రాసి ఉంటారు. మీ భాషలో చెప్పాలంటే ఖరహరప్రియ, హరికాంభోజి, శంకరాభరణం, కల్యాణి. నఠభైరవి స్వరాలకు వరుసగా మ, ని, గ, ద నుంచి గ్రహభేదం చేసి, అంటే ఆ స్వరాన్నే షడ్జంగా పెట్టుకుని, చూడండి. ఆ నాలుగూ అవే. అంటే నాలుగు బార్లలో నాలుగు పేర్లతో మీరు మోస్తున్నది ఒకే ఏడు స్వరాల మూట. బార్ బార్‌కి షడ్జం మార్చుకుంటే చెయ్యి ఆగిపోక ఏమవుతుంది? షడ్జాన్ని జి మీదే ఉంచేయండి. మొదటి ఐదు బార్లు నఠభైరవి స్వరాలు. ఆరో బార్‌లో డి సెవెన్ రాగానే నిషాదం కాకలి అవుతుంది. ఏడో బార్‌లో స మీద దిగుతారు. అంతవరకు తెలిస్తే చాలు, మీ సోలోలో ఘర్షణ పోతుంది.

కానీ ఘర్షణ పోవడం వేరు, హార్మొనీ వినిపించడం వేరు. నేను ఈ పాట నేర్చుకునే రోజుల్లో ఒక బేస్ వాద్యకారుడు నా సోలో విని, "మీరు వాయించిన ప్రతి స్వరమూ సరైనదే, కానీ ఏ బార్‌లో ఉన్నామో నాకు తెలియడం లేదు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వెనక పియానో లేకపోయినా మీ వయొలిన్ ఒక్కదాని నుంచే కార్డ్‌లు వినపడాలి. అక్కడికి చేరే దారి మీకు సరళీస్వరాలంత తేలిక.

ముందు కార్డ్‌ల పునాది స్వరాలు చూడండి. సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ, డి, జి. మీ భాషలో మ, ని, గ, ద, రి, ప, స. నఠభైరవిలోని ఏడు స్వరాలూ ఒక్కొక్కటి ఒక్కోసారి వచ్చాయి. ప్రతి స్వరం నుంచి నాలుగో స్వరానికి గెంతుతూ చివరికి షడ్జం చేరాయి. బేస్ నడిచే దారి ఇది. దీన్ని నోటితో పాడి కంఠతా పెట్టుకోండి. మీ పాట పటం ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. ఏ కార్డ్‌కైనా గుణం చెప్పేవి దాని మూడో స్వరం, ఏడో స్వరం. మూడోది మేజరా మైనరా అన్నది చెబుతుంది, ఏడోది ఆ కార్డ్ ఎటు వెళ్లాలనుకుంటోందో చెబుతుంది. ఈ ఏడు కార్డ్‌ల నుంచి ఆ రెండింటినీ మాత్రం ఏరి, దగ్గర దగ్గరగా పేరిస్తే రెండు వరుసలు వస్తాయి.

ఒకటి: ద, ద, ప, ప, మ, మ, గ.

రెండోది: గ, రి, రి, స, స, ని, స.

రెండో వరుసలోని ని కాకలి. మొదటి వరుసలోని ద శుద్ధ ధైవతం, అంటే కింది ధైవతం. రెండో వరుస చివర జి మైనర్ ఏడో స్వరానికి బదులు స పెట్టాను, విశ్రాంతిగా ఉంటుందని. ఒక్కో స్వరం ఒక్కో బార్. మీరు ఒక వరుస వాయిస్తూ మీ మిత్రుణ్ని రెండోది వాయించమనండి. చెవి పెట్టి వింటే ఒక విషయం తెలుస్తుంది. రెండో బార్‌కి వెళ్లేటప్పుడు ద కదలదు, గ దిగి రి అవుతుంది. మూడో బార్‌కి రి కదలదు, ద దిగి ప అవుతుంది. మళ్లీ ప ఆగితే రి దిగి స అవుతుంది. స ఆగితే ప దిగి మ అవుతుంది. ఇద్దరు మనుషులు మెట్లు దిగుతున్నట్టు, ఒకరు నిలబడితే మరొకరు అడుగు వేస్తారు. జి మైనర్ చేరే ఆ ఒక్క చోట మాత్రం ఇద్దరూ ఒకేసారి కదులుతారు. ని పైకి స లోకి, మ కిందికి గ లోకి. 'ముగింపు వచ్చింది' అని మనకు అనిపించేది అందుకే. హార్మొనీ అంటే ఇదీ, ఈ కదలికే అని నాకు అర్థమైన రోజు నుంచి కార్డ్ పేర్లంటే భయం పోయింది.

ఈ పాటకు 1945లో స్వరం కట్టింది జోసెఫ్ కోస్మా. మొదటి ఎనిమిది బార్లలో ఆయన పెట్టిన పొడుగు స్వరాలను గమనించండి: ద, ప, మ, గ. పైన మనం ఏరి తీసిన మొదటి వరుసే! పాట వరుసలోనే హార్మొనీ దాగి ఉంది. అంతకన్నా మంచి విషయం ఇంకొకటి ఉంది. మొదటి బార్‌లో నిలిచే ద శుద్ధ ధైవతం, అంటే ఇ ఫ్లాట్. ఆరో బార్‌లో డి సెవెన్ మీద పాట పైకి ఎక్కేటప్పుడు మాత్రం ప, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం అని వెళుతుంది. గౌరీమనోహరి ముక్క అది. ఒకే పాటలో, ఐదు బార్ల దూరంలో, రెండు ధైవతాలు. కాబట్టి 'ఏ స్కేల్' అన్న మీ ప్రశ్నకు పాటే జవాబు ఇచ్చేసింది: కిందికి దిగడానికి ఒక ధైవతం, షడ్జం వైపు ఎక్కడానికి ఇంకొకటి.

డి సెవెన్ మీద రెండూ చెల్లుతాయి. దోషం లేదు, రుచి తేడా. శుద్ధ ధైవతం పెడితే చీకటిగా, బరువుగా ఉంటుంది, ప లోకి దిగాలని లాగుతుంది. చతుశ్రుతి పెడితే తేలిగ్గా పైకి పోతుంది. పియానో మిత్రుడు డి సెవెన్‌లో ఇ ఫ్లాట్ కలిపి గట్టిగా వాయిస్తున్నప్పుడు మాత్రం మీరు చతుశ్రుతి మీద నిలబడకండి, దాటిపోండి.

ఇక మైనర్ పాటల్లో అందరూ భయపడే చోటు, ఐదు ఆరు బార్లు. ఎ హాఫ్ డిమినిష్డ్, డి సెవెన్. పేర్లే భయపెడతాయి. స్వరాలుగా చూడండి. ఎ హాఫ్ డిమినిష్డ్ అంటే రి, మ, ద, స. డి సెవెన్‌కి ఇ ఫ్లాట్ చేర్చి, పునాది డి ని బేస్‌కి వదిలేస్తే మిగిలేది రి, మ, ద, ని. మూడు స్వరాలు అవే. మారింది ఒక్కటే: స దిగి కాకలి ని అయింది. జి మైనర్ రాగానే ఆ ని తిరిగి స లోకి వస్తుంది. ఎన్ని పుస్తకాలు, ఎన్ని స్కేళ్లు చెప్పినా మైనర్ కీ ముగింపు ఇంతే: షడ్జం ఒక మెట్టు దిగి, తిరిగి వచ్చింది.

దీన్ని వేళ్లలోకి ఎక్కించడానికి ఒక ముక్క ఇస్తాను. దెబ్బకో స్వరం. ఐదో బార్‌లో రి మ ద స అని ఎక్కండి. ఆరో బార్‌లో ని ద మ రి అని దిగండి. ఏడో బార్ మొదటి దెబ్బ మీద గ. అంతే. పియానో లేకుండా వాయించి చూడండి, మూడు కార్డ్‌లూ వినిపిస్తాయి. కుదిరాక అదే ముక్కను అర దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టండి. తర్వాత చివరి రి కి బదులు మ నుంచి గ లోకి దిగండి. ఆ తర్వాత ని నుంచి స కి వెళ్లి ఆగండి. ఒక ముక్కకి పది రూపాలు వచ్చాయంటే అది మీ సొంతం అయినట్టే. కల్పనాస్వరంలో ఎత్తుగడ స్వరాన్ని (పాటను మళ్లీ అందుకునే చోటును) దృష్టిలో పెట్టుకుని, అక్కడికి చేరడానికి వెనకనుంచి లెక్క వేసుకుంటారు కదా. ఇక్కడా అదే మనోధర్మం. తేడా ఏమిటంటే ఎత్తుగడ ఆవర్తనానికి ఒకసారి కాకుండా ప్రతి బార్‌కీ వస్తుంది. దిగాల్సిన స్వరాలు ఆ రెండు వరుసల్లో సిద్ధంగా ఉన్నాయి. దారి మీ ఇష్టం.

దారి అంటే జాజ్ వాళ్లు ఎక్కువగా చేసేది ఒకటి చెబుతాను. దిగాల్సిన స్వరాన్ని పైనుంచి, కిందనుంచి ముట్టుకుని మధ్యలో దిగడం. ప మీద దిగాలంటే ద, ప్రతి మధ్యమం, ప. గ మీద దిగాలంటే మ, రి, గ. ప్రతి మధ్యమం కీలో లేని స్వరమే అయినా, దెబ్బ మీద నిలబెట్టకుండా దాటించేస్తే అన్యస్వరంలా వినపడదు. దెబ్బ మీద ఏది పడింది అన్నదే ముఖ్యం.

జి మైనర్ మీద రెండు బార్లు ఖాళీగా దొరుకుతాయి. అక్కడ నిషాదం కైశికి (కింది నిషాదం) పెట్టాలా, కాకలి పెట్టాలా? కైశికి మెత్తగా కూర్చుంటుంది. కాకలి మీద నిలిస్తే ప్రశ్న అడిగినట్టు ఉంటుంది. నాకైతే పాట చివరి జి మైనర్ మీద చతుశ్రుతి ధైవతం నిలపడం ఇష్టం. అంతవరకూ శుద్ధ ధైవతం విని విని ఉన్న చెవికి ఆ ఇ చాలా వెలుతురుగా వినిపిస్తుంది. ఎనిమిదో బార్‌లో పియానో జి సెవెన్ వాయిస్తే, గ ఒక్కటి అంతర గాంధారం (పై గాంధారం) అవుతుంది. అది మ లోకి ఎక్కుతుంది, అంటే తిరిగి సి మైనర్‌లోకి. కాకలి ని షడ్జాన్ని చేరినట్టే అంతర గ మధ్యమాన్ని చేరింది. కిటుకు ఒకటే, చోటు మారింది.

తొమ్మిది నుంచి పదహారు బార్లు ఇవే మళ్లీ. పదిహేడు నుంచి ఇరవై నాలుగు వరకు ఇవే రెండు ముక్కలు తలకిందులుగా: ముందు మైనర్ ముగింపు, తర్వాత సి మైనర్ నుంచి ఇ ఫ్లాట్ దాకా నాలుగు కార్డ్‌లు. కొత్తది ఏమీ లేదు. చివరి ఎనిమిది బార్లలో మాత్రం చాలామంది బార్‌కి రెండు కార్డ్‌లు వేసి జి, జి ఫ్లాట్, ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్ అని బేస్‌ని అర స్వరాల్లో దింపుతారు. వాటి వెంట పరిగెత్తకండి. మీరు గ మీద నిలబడండి. బి ఫ్లాట్ ఆ కార్డ్‌లన్నిటి మీదా చెల్లుతుంది. కింద నేల దిగుతుంటే పైన ఒకే స్వరం రంగు మార్చుకుంటూ వినిపించడం చాలా అందంగా ఉంటుంది.

గమకం గురించి మీరు అడగలేదు, కానీ మీ చేతికి తొమ్మిదేళ్ల అలవాటు ఉంది కాబట్టి చెప్పాలి. కంపితంతో ఊగే గాంధారం, షడ్జాన్ని తాకి వచ్చే కాకలి నిషాదం మన రాగాలకు ప్రాణం. కానీ ఇక్కడ ఆ స్వరాలే కార్డ్‌కి మూడో స్వరాలు. బార్ మొదటి దెబ్బ మీద అవి ఊగితే పియానోలోని స్థిరమైన స్వరంతో కలవవు, కార్డ్ ఏదో తెలియదు. అందుకని దిగే స్వరాన్ని నిలకడగా, నిటారుగా పట్టుకోండి. దారిలోని స్వరాల మీద మీ జారుడు, మీ గమకం నిరభ్యంతరంగా పెట్టండి. దాన్ని పూర్తిగా మానేయమని ఎవరైనా అంటే వినకండి. మీ వయొలిన్‌లో ఎవరికీ లేనిది అదే.

సాధనకి నేను సూచించే క్రమం ఇది. మొదటి వారం పియానో వద్దు, బేస్ మాత్రమే. మెట్రోనోమ్ నిమిషానికి 80 దగ్గర పెట్టి, ఆ రెండు వరుసలు ముందు పాడండి, తర్వాత వాయించండి. చూసి వాయించడం కన్నా పాడటం ముఖ్యం. నోట రానిది సోలోలో సమయానికి చేతిలోకి రాదు. వరుసలు నిద్రలో కూడా వస్తున్నాయి అనిపించాక, ప్రతి స్వరానికి ముందు ఒక స్వరం చేర్చండి, తర్వాత రెండు, తర్వాత మూడు. మీకు తెలియకుండానే అది సోలో అవుతుంది. మధ్యలో ఎప్పుడు దారి తప్పినా పాట వరుసలోని పొడుగు స్వరాన్ని పట్టుకోండి, అది ఏ బార్‌లో ఉన్నారో చెప్పేస్తుంది.

వినడానికి ఒక రికార్డింగ్ చాలు ప్రస్తుతానికి. 1958లో క్యానన్‌బాల్ ఆడర్లీ చేసిన 'సమ్‌థిన్ ఎల్స్' ఆల్బమ్‌లో ఈ పాట జి మైనర్‌లోనే ఉంది. మైల్స్ డేవిస్ ట్రంపెట్ వాయించారు. ఎంత తక్కువ స్వరాలతో, ఎంత ఖాళీ వదిలి ఆయన కార్డ్‌లు వినిపించారో గమనించండి. 1959లో బిల్ ఎవాన్స్ ట్రియో చేసినది కూడా గొప్పదే, కానీ అందులో స్కాట్ లాఫారో బేస్ తన పునాది పని వదిలి పియానోతో సంభాషిస్తూ ఉంటుంది. రెండు వరుసలు మీ చెవిలో స్థిరపడ్డాక దాని దగ్గరికి వెళ్లండి.

ఇ మైనర్ సంగతి. పైన రాసిందంతా స రి గ మ లలోనే ఉంది కాబట్టి మీరు మళ్లీ నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. షడ్జం ఇ అవుతుంది, వరుసలు అవే. వేళ్ల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. జి మైనర్‌లో మీ నాలుగు తీగలు స, ప, రి, చతుశ్రుతి ద. ఇ మైనర్‌లో అవే తీగలు గ, ని, మ, స అవుతాయి. ఆ ని కైశికి, మీ డి తీగ. ఆరో బార్‌లో బి సెవెన్ వచ్చినప్పుడు కావాల్సింది కాకలి, డి షార్ప్. తొందరలో ఖాళీ తీగ మీదికి విల్లు వెళ్లిపోతుంది. ఆ బార్‌లో డి తీగ మీద మొదటి వేలును అర స్వరం దగ్గర ముందే ఆనించి ఉంచుకోండి.